ములికి పదును

పోయిన సంక్రాంతికి మా చెల్లెలి కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. టెక్సాస్‌లో ఉద్యోగం. అక్కడ ఏటా కొన్ని వారాల పాటు లైసెన్సు తీసుకున్నవాళ్ళు విల్లంబులతో దుప్పిని వేటాడవచ్చట. మావాడికి రెండేళ్ళ నుంచి ఆ సరదా పట్టుకుంది. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని ఫోన్లో ఫోటోలు చూపిస్తూ, "మావయ్యా, మన రాయగడ కొండల్లో ప్రతి ఇంట్లోనూ విల్లుండేదని అమ్మ చెప్పేది. వాళ్ళు బాణం మొనకి పదునెలా పెట్టేవారు? నాకెంత నూరినా కుదరడం లేదు" అన్నాడు.

వాడు మామూలుగానే అడిగాడు. నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. తెలియడానికి నేను చెల్లించిన వెల కూడా తెలుసు. నిజానికి ఆ వెల చెల్లించింది నేను కాదు. ఇద్దరు పెద్దమనుషులు చెల్లించారు. యాభై ఏళ్ళు పైబడినా ఎవరికీ చెప్పని ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మాట గురించి ఒక మాట. బాణం కొనకు తొడిగే ఇనుప ముక్కను తెలుగులో ములికి అంటారు. ఇవాళ ఆ మాట మనకి "ములుకుల్లాంటి మాటలు" అన్నప్పుడే మిగిలింది. ఎదుటివాడి మనసులో గుచ్చుకోవడానికి తప్ప ఇంక దేనికీ ములికితో పనిలేకుండా పోయింది మనకు. మా కమ్మరి తాత దాన్ని "అలుగు" అనేవాడు. అది ఆయన సొంత మాటేమో అనుకునేవాణ్ణి. కాలేజీ రోజుల్లో నిఘంటువు తిరగేస్తే అందులో ఉంది. మా ఊళ్ళో ఒడియా వాళ్ళు బాణాన్ని "కాండ" అంటారు. మన పద్యాల్లోనూ కాండమంటే బాణమే. ఒకే కొట్టు ముందు నిలబడి ముగ్గురు మూడు మాటలతో ఒకే వస్తువు అడిగిన ఊరు మాది.

ఆ కొట్టు మా నాన్నది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా ఈ జయపురం సంస్థానం ప్రాంతమంతా మద్రాసు రాష్ట్రంలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. మా తాతగారు ఆ రోజుల్లోనే బొబ్బిలి వైపు నుంచి వచ్చి రాయగడలో ఇనప సామాను కొట్టు పెట్టారు. గీత మారింది, కొట్టు మారలేదు. నా చిన్నప్పుడు మాది కోరాపుట్ జిల్లా. 1992 అక్టోబరులో రాయగడ వేరే జిల్లా అయింది. అప్పుడూ మేం అక్కడే ఉన్నాం.

కొట్టు వెనక వీధిలో కమ్మరి తాత కొలిమి ఉండేది. ఆయనదీ మన వైపే, పార్వతీపురం దగ్గర పల్లె. మేకులూ గొలుసులూ పట్టీలూ మా దగ్గర కొనేవాడు. కత్తులూ గొడ్డళ్ళూ నాగటి కర్రులూ చేసి సంతల్లో అమ్మేవాడు. ఫాల్గుణం వచ్చిందంటే మాత్రం ఆయనకి వేరే పని ఉండేది కాదు. చైత్రంలో కొండల మీద చైతి పరబ్. మగవాళ్ళు వేటకి పోయే పండగ. ఇదే పండగని పాడేరు, అరకు వైపు ఇటుకల పండగంటారు. విత్తనాలకి పూజ చేస్తారు, ఆడవాళ్ళు దారి కాసి పాటలు పాడతారు, మగవాళ్ళు గుంపుగా అడవికి పోతారు. వేట దొరికితే ఊరేగింపు. ఒట్టి చేతులతో వస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి వెక్కిరిస్తారు. నవ్వుతూనే చల్లుతారు గానీ, తడిసినవాడికి అది నవ్వులాట కాదు.

అంచేత పండగ ముందు అలుగులకి గిరాకీ. నాకప్పుడు పదమూడేళ్ళు. బడి వదలగానే తిత్తి కొట్టడానికి కొలిమికి పరిగెత్తేవాణ్ణి.

తాత ఇనుము ఎంచడం చూడాలి. మెత్తటి రేకు ఇనుము తెస్తే అవతల పడేసేవాడు. ఆయనకి కావలసింది లారీ కమాను పట్టీ. దాంట్లో ఉక్కుంటుంది. ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, ఆకు ఆకారం తెచ్చి, వెనక సన్నటి తోక తీసేవాడు. ఆ తోక బాణం కర్రలోకి దిగుతుంది. దాని చుట్టూ నార చుట్టి లక్క పూస్తారు.

"ఎంత ఎడల్పు సెయ్యాలి తాతా?" అంటే, "ఇల్లెంత బలమో అంత" అనేవాడు. విల్లు బలంగా ఉంటే వెడల్పు ములికి. అది పెద్ద గాయం చేస్తుంది. విల్లు మెత్తనిదైతే సన్న ములికి. లేకపోతే లోపలికి దిగకుండా తోలు దగ్గరే ఆగిపోతుంది. వెదురు విల్లుకి, వెదురు బద్ద నారికి ఆయన లెక్క ఒకటే. వెడల్పుకి మూడు రెట్లు పొడవు. అంతకంటే పొట్టిగా ఉంటే దూరదు, పొడుగైతే ఎముక తగిలి వంగిపోతుంది. అమెరికాలో పాత విలుకాళ్ళు కూడా ఈ మూడింతల లెక్కే చెబుతారని మా మేనల్లుడి నోట విని ఆశ్చర్యపోయాను. పిట్టల కోసమైతే అసలు ములికే ఉండదు. కర్ర కొనని గుండ్రంగా మొండిగా వదిలేస్తారు. దెబ్బకి పిట్ట సొమ్మసిల్లి పడాలి గానీ చిరిగిపోకూడదు.

తర్వాత తూకం. ఒకే మనిషికి ఇచ్చే అలుగులన్నీ ఒకే బరువుండాలి. మా కొట్టుకొచ్చి చిన్న తక్కెడలో అటొకటి ఇటొకటి వేసి చూసేవాడు. బరువైనదాన్ని ఆకురాయితో రాసి మళ్ళీ వేసేవాడు. ఇవాళ మావాడు కొనే ములుకుల పెట్టె మీద 100 గ్రెయిన్లని ఉంటుంది. అంటే సుమారు ఆరున్నర గ్రాములు, అర తులం కంటే కాస్త ఎక్కువ. చివరికి బాణానికి తొడిగాక, దాన్ని బొటనవేలి గోరు మీద నిలబెట్టి రెండో చేత్తో గిర్రున తిప్పేవాడు. కొన వణక్కుండా తిరిగిందా, సరే. వణికిందా, తీసి మళ్ళీ తొడగాలి. కొన పక్కకుంటే బాణం గాలిలో దారి తప్పుతుంది.

ఇక పదును. అసలు సంగతి ఇదే.

తుపాకీ గుండు దెబ్బకి కూలుస్తుంది. బాణం అలా కాదు. అది కోస్తుంది, అంతే. లోపలి నరాల్ని శుభ్రంగా కోస్తే నెత్తురు పోయి జంతువు నాలుగు అడుగుల్లో తూలిపోతుంది, పెద్దగా బాధ తెలియకముందే. మొద్దు అంచు ఆ నరాల్ని కొయ్యదు, పక్కకి నెట్టేస్తుంది. జంతువు గాయంతో పారిపోతుంది. 1991లో ఆల్ప్స్ కొండల మంచులో అయిదు వేల ఏళ్ళకి పైబడిన ఒక మనిషి శవం దొరికింది. పదేళ్ళ తర్వాత, 2001లో, అతని ఎడమ భుజంలో రాతి ములికి ఉందని ఎక్స్‌రేలో కనిపెట్టారు. అది ఒక పెద్ద రక్తనాళాన్ని కోసింది. ఆ వార్త పేపర్లో చదివినప్పుడు నాకు కమ్మరి తాత చెయ్యి గుర్తొచ్చింది. అన్ని వేల ఏళ్ళ కిందట ఆ రాయి చెక్కినవాడికీ, మా తాతకీ తెలిసింది ఒకటే.

ఎర్రగా కాలిన అలుగుని ఇప్పనూనెలో ముంచేవాడు. నీళ్ళలో ముంచితే కమాను ఉక్కు బీటలిస్తుంది. నూనెలోంచి తీసినప్పుడు అది గాజంత గట్టి, గాజంత పెళుసు. దాన్ని ఇసకతో రుద్ది తెల్లగా చేసి, మళ్ళీ నిప్పు పక్కన మెల్లగా వెచ్చబెట్టేవాడు. అప్పుడు దాని మీద రంగులు నడుస్తాయి. మొదట ఎండుగడ్డి రంగు, తర్వాత తేనె రంగు, ఆ తర్వాత వంకాయ రంగు, చివరికి నెమలి మెడ నీలం. తేనె రంగు దగ్గర పట్టకారుతో చటుక్కున తీసేసేవాడు. "నీలం దాకా పోనిచ్చేవంటే అలుగు సచ్చినట్టే బావూ" అనేవాడు. నీలం దాకా కాలితే ఉక్కు మెత్తబడిపోతుంది. కమానుకైతే అది మంచిదే, అంచుకి పనికిరాదు.

ఆ తర్వాత నూరడం. ముందు ఆకురాయితో అంచు తీర్చి, ముతక సానమీద నీళ్ళు పోస్తూ నూరి, చివరికి నాగావళిలో ఏరి తెచ్చిన నున్నటి రాయి మీద నూరాలి. ఇటెన్నిసార్లో అటన్నిసార్లు. అంచుకి దీపం మసి పూసి ఒకసారి రాస్తే ఎక్కడ రాయి తగులుతోందో, ఎక్కడ తగలడం లేదో తెలిసిపోతుంది. ఒక వైపు బాగా నూరాక రెండో వైపు అంచున సన్నటి తెర ఒకటి ఒరిగి వేలికి గరుకుగా తగులుతుంది. అది తగిలే దాకా వైపు మార్చకూడదు. చివరికి ఆ తెరని పాత చెప్పు తోలు మీద ఊడదియ్యాలి. పరీక్షకి అంచుని గోరు మీద ఆనించాలి. జారిందంటే పదును లేనట్టు. పట్టుకుందంటే ఉన్నట్టు. ఒక్క అలుగుకి ఒక పూట పడుతుంది.

1968 చైత్రం. నియమగిరి వైపు నుంచి మా కొట్టుకి వచ్చే ఒక కోంధు పెద్దాయన ఉండేవాడు. నాన్న దగ్గర ఉప్పూ ఇనుమూ అప్పు తీసుకుని పసుపు పంటకి తీర్చేవాడు. ఆయనకి మాట తప్పడమంటే ఏమిటో తెలియదని నాన్న అనేవారు. నన్ను భుజం మీద ఎక్కించుకుని సంత తిప్పినవాడు. ఆయన మూడు అలుగులు చేయించుకున్నాడు. తాత కొట్టి, నూనె పెట్టి, ఆకురాయితో అంచు తీర్చి, "నూరడం నీ వంతు బావూ, మూడ్రోజులుంది" అని నా చేతికిచ్చాడు. అంతకుముందు నాకెప్పుడూ అంత నమ్మకమైన పని ఎవరూ ఇవ్వలేదు.

మొదటి రోజు ఒకటి సగం నూరాను. రెండో రోజు బడిలో ఆటలపోటీలు. మూడో రోజు సాయంత్రానికి రెండున్నర మిగిలాయి. బజారు చివర లారీలు బాగుచేసే షెడ్డులో కొత్తగా మోటారు సానచక్రం వచ్చింది. అక్కడి కుర్రాడు నాకు స్నేహితుడు. చక్రానికి ఆనించగానే తారాజువ్వల్లా నిప్పురవ్వలు. పది నిమిషాల్లో మూడూ తళతళలాడాయి. గోరు మీద పెట్టి చూశాను, పట్టుకున్నాయి. అంచు పొడుగునా చీమంత వెడల్పున ఒక నీలం చార కనిపించింది. చూశాను. నాకు తెలుసు. తాత చెప్పగా పదిసార్లు విన్నాను. ఇసకతో రుద్దేశాను. చార పోయింది.

పండగ నాడు నాన్నతో నేనూ ఆ ఊరెళ్ళాను. సాయంత్రం గుంపు దిగి వచ్చింది. ఆయన కణుజుని కొట్టాడట. భుజం వెనక, సరిగ్గా తగలాల్సిన చోటే తగిలిందట. కానీ అది పడలేదు, బాణంతోనే లోయలోకి దిగిపోయింది. ఎర్రటి నురగ నెత్తురైతే ఊపిరితిత్తి తెగినట్టు, దగ్గర్లోనే దొరుకుతుంది. ఇది అక్కడక్కడ చుక్కలు, అవి కూడా ఆగిపోయాయి. చీకటి పడటంతో వెనక్కి వచ్చారు. ఊరి మొగలో ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండలతో నిలబడ్డారు. ఆయన తలవంచుకుని నిలబడ్డాడు. తెల్లటి గోచీ మీద ఆ నీళ్ళు కారడం నాకిప్పటికీ కనిపిస్తుంది. ఆయన పెళ్ళాం కూడా చల్లింది. నేను నాన్న వెనక నక్కాను.

మర్నాడు ఆయన ఒక్కడే వెతుక్కుంటూ పోయాడు. గాయపడ్డదాన్ని వదిలెయ్యకూడదని ఆయన నియమం. మూడో నాడు ఒక గెడ్డ ఒడ్డున దొరికింది, ప్రాణంతోనే. భుజం కుండలా వాచి, పురుగులు పట్టి, లేవలేక నీళ్ళలో మూతి పెట్టి పడుకుని ఉందట. గొడ్డలితో దానికి విముక్తి ఇచ్చి, మాంసం పనికిరాక అక్కడే వదిలేసి, ములికి తీసుకుని రాయగడ వచ్చాడు.

కొలిమి దగ్గర నేనున్నాను. తాత ఆ అలుగుని అరచేతిలో తిప్పి చూశాడు. అంచు ఎముక తగిలిన చోట ఆకులా మడిచిపోయి ఉంది. మంచి ఉక్కు పెచ్చు రాలచ్చు, అలా మడత పడదు. ఆయన తలెత్తి ఒక్కసారి నా వైపు చూశాడు. అంతే. మళ్ళీ ఆయన వైపు తిరిగి, "నాదే తప్పు. నిప్పుకాడ కన్ను తప్పినాది. నూనె సరిగా పట్టలేదు" అన్నాడు.

"లేదు లేదు, నా చెయ్యి వణికింది. కాండ తప్పు కాదు" అన్నాడు ఆ పెద్దాయన, తనకొచ్చిన తెలుగులో.

ఇద్దరూ కాసేపు తప్పు నాదంటే నాదని అనుకున్నారు. నేను తిత్తి కొడుతూ ఉన్నాను. ఒక్కమాట అంటే సరిపోయేది. అనలేదు.

ఆ యేడు ఆ పక్క పల్లెలవాళ్ళు మా తాత దగ్గర అలుగులు చేయించుకోలేదు. గొడ్డళ్ళకి కూడా వేరే కమ్మరి దగ్గరికి పోయారు. సంతలో ఆయన ముందు పరిచిన కత్తులు సాయంత్రానికి అలాగే ఉండేవి. తాత నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. పండగైన వారానికి ఆ మడిచిపోయిన అలుగుని నా చేతిలో పెట్టి, "నీ కాడుంచుకో బావూ" అన్నాడు. అది ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

తర్వాత నాలుగేళ్ళకి, 1972లో, వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు వేట కూడా పోయింది. పోవలసిందే. గెడ్డ ఒడ్డున పడుకున్న ఆ కణుజుని కళ్ళతో చూడకపోయినా కలలో చూసినవాణ్ణి నేను. వేట పోతే పోయింది. దాంతోపాటు ఆ జాగ్రత్త, పని నమ్మి ఇచ్చినవాడి పరువు మన చేతిలో ఉందన్న ఆ భయం కూడా పోయాయేమో అనిపిస్తుంది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు తెచ్చినప్పుడు టీవీ ముందు చప్పట్లు కొట్టాను. ఆ బాణాలకి అంచులుండవు. మంచిదే. ఎవరికీ నొప్పి లేదు.

మావాడికి ఇదంతా చెప్పాక వాడు కాసేపు ఊరుకుని, వాళ్ళ దేశం కథ ఒకటి చెప్పాడు. 1911 ఆగస్టులో కాలిఫోర్నియాలో ఒక ఆదివాసి ఒంటరిగా అడవిలోంచి ఊళ్ళోకి వచ్చాడట. యాహి తెగలో అతనొక్కడే మిగిలాడు. పేరడిగితే చెప్పలేదు. వాళ్ళలో తన పేరు తాను చెప్పుకోకూడదు, చెప్పడానికి తనవాళ్ళెవరూ లేరు. "ఇషి" అని పిలిచారు. అతని భాషలో దాని అర్థం మనిషి అని. సీసా గాజు ముక్కల్ని కూడా చెక్కి అందమైన ములుకులు చేసేవాడట. అతనికి వైద్యం చేసిన సాక్స్‌టన్ పోప్ అనే డాక్టరు అతని దగ్గర విలువిద్య నేర్చుకుని 1923లో పుస్తకం రాశాడు. అమెరికాలో ఈనాటి విల్లు వేటకి ఆ పుస్తకమే ఒక మూలమట. ఇషి 1916లో క్షయతో పోయాడు. అతనితో ఆ భాష మాట్లాడే నోరు పోయింది. అతని విద్య మాత్రం వేరే భాషలోకి ఎక్కి బతికింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇషి గురించి కాదు, మా తాత గురించి. ఆయన మనవలు రాయగడలోనే ఉన్నారు. ఒకడు కాగితం మిల్లులో చేస్తున్నాడు, ఒకడు వెల్డింగు షాపు పెట్టుకున్నాడు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. చదువంతా ఒడియాలో అయింది, తెలుగు అక్షరాలు రావు. "అలుగు" అంటే ఏమిట్రా అనడిగితే వాళ్ళకి తెలియలేదు. మా తాత గొప్ప పనివాడు గానీ ఒకసారేదో పని చెడిందటగా అని మాత్రం పెద్దవాడు అన్నాడు. మాట పోయింది, మచ్చ మిగిలింది. ఆ మచ్చ నేను పెట్టిందే.

మావాడు వెళ్ళేటప్పుడు నాగావళి రాయి ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చాను. "నీళ్ళు పొయ్యి. తొందరపడకు. కుదరకపోతే ఆ యేడు వేటకి పోకు" అన్నాను. మడిచిపోయిన అలుగు అడిగాడు గానీ ఇవ్వలేదు. దానికి ఇక్కడ పనుంది.

ఆ పెద్దాయన చెయ్యి వణకలేదు. కమ్మరి తాత కన్ను తప్పలేదు. ఆ నీలం చార నాది. చూసి, తెలిసి, ఇసకతో రుద్దిన చెయ్యి నాది.

ఈ పత్రిక ఆ రెండిళ్ళలో ఎవరూ చదవలేరు. సంచిక రాగానే తీసుకెళ్ళి కమ్మరి తాత మనవల ముందు కూర్చుని నేనే చదువుతాను. ఆ తర్వాత బస్సెక్కి కొండ దిగువ పల్లెకి వెళ్ళాలి. అక్కడ పెద్దాయన కొడుకున్నాడు, నా ఈడువాడు. అతనికి తెలుగు రాదు, నాకు కువి రాదు. ఒడియాలో చెబుతాను. ములికి జేబులో ఉంటుంది.